రెండోసారి అడగని మనిషి

ఇది మూడు ఖండాల మధ్య జరిగిన మహాసంగ్రామ గాథ. ఇందులో సముద్రం దాటి వచ్చిన ఒక నాయకురాలుంది. పాత పరాభవాలేవీ మరిచిపోని ఒక వృద్ధ వీరుడున్నాడు. ఎంతమంది వచ్చినా ఒంటిచేత్తో వండి వడ్డించగల ఒక అన్నపూర్ణ ఉంది. వీళ్ళందరి నడుమ తన భవిష్యత్తు కోసం ప్రాణాలకు తెగించి పోరాడిన ఒక యువకుడున్నాడు.

ఇలా మొదలుపెడితే బాగుంటుందనుకున్నాను గానీ, నిజానికి యుద్ధమేమీ జరగలేదు. ఐర్లండ్‌లో లిమరిక్ అనే ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో ఒకావిడ నన్నొక ప్రశ్న అడిగింది. నేను తప్పు జవాబు చెప్పాను. అయిదు రోజుల తర్వాత వెళ్ళి సరైన జవాబు చెప్పాను. మధ్యలో ఒక ఆదివారం భోజనం ఉంది. అంతే. ఖండాలు మాత్రం నిజంగానే మూడు.

ఆ ప్రశ్న నాటికి నా పరిస్థితి చెప్పాలి. ఇక్కడ మాస్టర్స్ అయిపోయింది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే గడువులో నాలుగు నెలలే మిగిలాయి. ఆలోగా పర్మిట్ ఇప్పించే పర్మనెంటు ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. సామానంటే రెండు సూట్‌కేసులు, ఒక కుక్కర్. సర్దడానికి అరగంట చాలు. నాకు వెళ్ళాలని లేదు, అదొక్కటే ఇబ్బంది.

అప్పటికి ఆ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు టెక్నీషియన్‌ని. గుండె ఆపరేషన్లలో రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేస్తాం. తల నుంచి కాలిదాకా తెల్ల గౌను, జుట్టుకొక నెట్టు, గడ్డానికి ఇంకో నెట్టు వేసుకుని, గొట్టానికీ గొట్టానికీ మధ్య గ్లూ సరిగ్గా అంటుకుందో లేదో మైక్రోస్కోపు కింద చూడటం నా పని. మెడలో వేలాడే బ్యాడ్జీ మీద నా ఫోటో, కింద ఎర్ర పట్టీ, ఆ పట్టీలో 'తాత్కాలికం' అని ఇంగ్లీషులో ఒక ముక్క. ఆ ఎర్రరంగు క్యాంటీన్ అవతలి గోడ దగ్గర్నుంచి కూడా కనిపిస్తుంది. ఎందుకంత ముదురు రంగు వేశారో, ఎవరికి ప్రమాదమనుకున్నారో తెలీదు.

నాకీ ఊరు నచ్చడానికి కారణం మా సూపర్‌వైజరు. అరవైకి దగ్గరపడిన ఐరిష్ ఆయన. లిమరిక్‌లోనే పుట్టి, లిమరిక్‌లోనే తడిసి పెద్దవారయ్యారు. నేను చేరిన మొదటి రోజు క్యాంటీన్‌లో కెటిల్ పట్టుకుని నిలబడి అడిగారు.

"టీ తాగుతావా?"

"వద్దండీ, పర్లేదు."

"తాగు."

"ఇప్పుడే తాగొచ్చాను."

"ఒక్క గుక్క."

"సరే, మీరెలాగూ పోసుకుంటున్నారు కాబట్టి..."

అప్పటికే నా కప్పులో పాలు పడి ఉన్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే అబద్ధమవుతుంది గానీ, మా ఇంటికొచ్చినట్టు మాత్రం అనిపించింది. మాది వరంగల్ దగ్గర. ఎవరింటికి పోయినా కడుపు కాలుతున్నా సరే 'తినొచ్చిన' అనాలి. మా ఇంట్లో నాకు నేర్పిన మొదటి అబద్ధం అదే, అదీ చాలా శ్రద్ధగా నేర్పారు. ఎదుటివాళ్ళు దాన్ని నమ్మకూడదు. నమ్మితే వాళ్ళకి పెంపకం లేనట్టు. ఇన్ని వేల మైళ్ళొచ్చి చూస్తే, ఇక్కడివాళ్ళు కూడా అదే ఆట అవే నియమాలతో ఆడుతున్నారు. మూడోసారి అడిగితేనే అడిగినట్టు, మూడోసారి ఒప్పుకుంటేనే మర్యాద.

ఇలా సుఖంగా టీలు తాగుతున్న రోజుల్లో, అమెరికా హెడ్డాఫీసు నుంచి ఒక మేనేజరు మూడు వారాలుండటానికి వస్తోందని తెలిసింది. ఫ్యాక్టరీ వాళ్ళదే. మా లైనులో ఇంజనీరు పోస్టు ఒకటి కొత్తగా పెడుతున్నారనీ, అది ఎవరికివ్వాలో ఆవిడే చూస్తుందనీ కూడా తెలిసింది. పర్మనెంటు పోస్టు. పర్మిట్ వచ్చే పోస్టు.

ఆవిడ విమానం దిగకముందే మా దగ్గర ఆవిడ గురించి అభిప్రాయాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

మా సూపర్‌వైజరు కుర్రతనంలో ఒక వేసవి బోస్టన్‌లో తాపీపని చేసి వచ్చారు. ఆ ఒక్క వేసవి నుంచి నలభై ఏళ్ళకి సరిపడా తీర్పులు తెచ్చుకున్నారు.

"అక్కడ ఇటుక పేర్చడం వచ్చినవాడు, నాకు ఇటుక పేర్చడం వచ్చు అని చెప్తాడు," అన్నారొకసారి, గొంతు తగ్గించి.

"మరి నిజంగా వచ్చా?"

"వచ్చు. అదే కదా దారుణం. వచ్చినవాడు పైకి చెప్పుకోవడమేంటి?"

మనిషి తనని తాను ఒక మెట్టు పైన ఊహించుకోవడాన్ని ఇక్కడ 'నోషన్స్' అంటారు. దొంగతనం చేసినవాణ్ణి గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, చూసుకుంటారు. నోషన్స్ ఉన్నవాణ్ణి ఊరంతా కలిసి చూసుకుంటుంది.

రెండో నిపుణురాలు నేను అద్దెకుంటున్న ఇంటి ఆంటీ. చుట్టరికమేమీ లేదు. భీమవరం వైపు ఆవిడ, ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. పోయినేడు టెక్సస్‌లో చెల్లెలింట్లో నెల రోజులుండి వచ్చింది.

"మనుషులు మంచోళ్ళేరా, అనకూడదు," అంది. "కానీ పక్కింటావిడ ఒక్క రోజు గుమ్మం లోపలికి రాలేదు. గేటు కాడ నవ్వుద్ది, చెయ్యూపుద్ది, పోద్ది. పోనీలే అని నేనే పులిహోర కలిపి గిన్ని పట్టుకెళ్ళిచ్చేను. మర్నాడు పొద్దున్నే తెచ్చిచ్చేసింది. తళతళా కడిగి మరీ."

"మంచిదే కద ఆంటీ."

"ఖాళీ గిన్నిరా! ఖాళీది! గుప్పెడు పంచదారైనా ఎయ్యకుండా!"

ఆ ఖాళీ గిన్నె మీద ఆంటీ మొత్తం అమెరికాని అంచనా కట్టేసింది. నేను అమెరికా చూడలేదు కాబట్టి నా అభిప్రాయాలు ఇంకా గట్టివి. అమెరికా వాళ్ళు అన్నీ ఊరికే అంటారని నాకు రూఢిగా తెలుసు. అందుకు సాక్ష్యం కూడా మొదటి రోజే దొరికింది. ఆవిడ వస్తుంటే తలుపు తీసి పట్టుకున్నాను. "నువ్వు అద్భుతం!" అంది. పదిహేడేళ్ళు చదివితే మా ఇంట్లో ఒక్కరు కూడా వాడని మాట. మురిసిపోదామనుకుంటుండగా ఆవిడ కాఫీ మిషన్ దగ్గరికెళ్ళి దాన్ని కూడా అద్భుతమంది.

మూడో వారం బుధవారం నన్ను పిలిచింది. యాభై ఏళ్ళుంటాయి, చిన్న ల్యాప్‌టాప్, పెద్ద నవ్వు. లైను గురించి నాలుగు ప్రశ్నలు వేసి, నోట్సు రాసుకుని, సూటిగా నా కళ్ళలోకి చూసి అడిగింది.

"కొత్త ఇంజనీరు పోస్టు ఉంది. అది నీకు కావాలా?"

ఎన్నాళ్ళ నుంచో నిద్రలో కూడా ఎదురుచూస్తున్న ప్రశ్న. నేనేమన్నానో ఒక్క మాట పొల్లుపోకుండా రాస్తున్నాను.

"అయ్యో, నాకంటే అనుభవమున్నవాళ్ళు చాలామంది ఉన్నారు కదండీ. మీరెలా అనుకుంటే అలా."

"ఓ, సరే! నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్," అని ల్యాప్‌టాప్‌లో ఏదో ఒకటి కొట్టింది. ఒకే ఒక్క మీట. ఆ చప్పుడు నాకు బాగానే వినిపించింది గానీ, అది నా ఉద్యోగం పోయిన చప్పుడని తెలీలేదు.

బయటికొచ్చేసరికి గాల్లో తేలుతున్నాను. మొదటి రౌండు నిండు మర్యాదతో ముగిసింది. సూపర్‌వైజరుకి చెప్తే భుజం తట్టారు.

"భేష్. ఎగబడలేదు. మళ్ళీ అడుగుతుందిలే. గ్రాండ్."

'గ్రాండ్' అంటే ఏమీ బాగోలేనప్పుడు కూడా అంతా బాగానే ఉందని ఇక్కడివాళ్ళు చెప్పే మాట. నాకది అప్పుడే అనుమానంగా వినిపించి ఉండాల్సింది.

సాయంత్రం ఆంటీ కూడా అదే తీర్పిచ్చింది. "మంచి పని చేసేవు. అడిగీ అడగ్గానే చెయ్యి చాపితే చులకనైపోతాం. ఓ పని చెయ్యి, ఆదివారం భోజనానికి పిలు. ఇంట్లో తీరిగ్గా కూచుంటే రెండోసారి అడగడానికి ఆవిడకీ వీలుగా ఉంటాది. మీ ముసలాయన్ని కూడా రమ్మను, పాపం ఒక్కడే ఉంటాడంటావు గదా."

ఒక ఐర్లండ్, ఒక భీమవరం, ఒక వరంగల్. ఈ మూడూ ఏ విషయంలోనైనా ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి. అంతమంది ఒప్పుకున్నది తప్పెలా అవుతుంది?

గురువారం ఆవిడని భోజనానికి పిలిచాను. కనీసం మూడు సార్లు బతిమాలాలని లెక్కేసుకుని, ఒక్కోసారికి ఒక్కో వాక్యం సిద్ధం చేసుకుని వెళ్ళాను. మొదటి వాక్యం పూర్తికాకముందే ఆవిడ, "తప్పకుండా వస్తాను! ఎన్ని గంటలకి?" అంది. మిగిలిన రెండు వాక్యాలు ఏం చేయాలో తెలీక జేబులో చేతులు పెట్టుకుని వచ్చేశాను. సూపర్‌వైజరైతే 'ఎందుకయ్యా శ్రమ' అంటూ శనివారం సాయంత్రం దాకా లాగి అప్పుడు ఒప్పుకున్నారు. అదీ పద్ధతంటే.

ఆ మధ్యలో శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం సూపర్‌వైజరు నన్ను గౌన్లు మార్చుకునే గది దగ్గర పట్టుకున్నారు. గడ్డం నెట్టు తీసి చేతిలో నలుపుతున్నారు.

"ఆ పోస్టుకి బయట ప్రకటన ఇచ్చేశారు," అన్నారు. "నీకు ఆసక్తి లేదట కదా?"

"ఎవరన్నారు?"

"ఆవిడే. 'ఆ కుర్రాడు వద్దన్నాడు, ఇంకెవరైనా ఉన్నారా' అని అడిగింది."

"మీరేమన్నారు?"

"'అలాగా' అన్నాను."

"అలాగానా?"

"ఇంకేమంటాను? మావాడు బ్రహ్మాండం అని నేనే డబ్బా కొడితే బాగుంటుందా?"

ఇక్కడ గ్లూ సంగతి చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు అతుకుల్లో సన్న బుడగలు వస్తుండేవి. గొట్టాలు పెట్టెలకి పెట్టెలు పక్కన పడేస్తున్నారు. కారణం కనిపెట్టింది నేను. గ్లూ సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉండగానే వాడేస్తున్నారు. తీసి కాసేపు బయట పెట్టి వాడితే బుడగలు లేవు. ఇందుకు మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదు, ఇంట్లో ఫ్రిజ్ ఉంటే చాలు. రిపోర్టు నేనే రాశాను. 'జట్టు గమనించింది' అని రాశాను, మర్యాద కదా. అమెరికా నుంచి ఫోన్ చేసి మెచ్చుకుంటే, సూపర్‌వైజరు 'అబ్బే, అందులో ఏముంది, ఎవరైనా చేస్తారు' అన్నారు, అదీ మర్యాదే. ఆ విధంగా ఆ సమస్య దానంతటదే పరిష్కారమైపోయిందని హెడ్డాఫీసు రికార్డుల్లోకెక్కింది.

ఆదివారం వచ్చింది. మంగళవారం ఆవిడ షానన్ ఎయిర్‌పోర్టులో విమానమెక్కుతుంది. అంటే నాకు మిగిలింది ఒక భోజనం, ఒక సోమవారం.

సూపర్‌వైజరు పావుగంట ముందొచ్చి, కారులోనే కూర్చుని, పావుగంట ఆలస్యంగా తలుపు కొట్టారు, యాపిల్ టార్టు పట్టుకుని. ఆవిడ సరిగ్గా చెప్పిన టైముకి వచ్చేసింది. ఆంటీ వాళ్ళాయన, అంటే అంకుల్‌కి, ఆ రోజు డ్యూటీ. నలుగురం కూర్చున్నాం. కోడికూర, పప్పుచారు, గోంగూర పచ్చడి, ఒక కుండెడు అన్నం.

ఆవిడ ఇష్టంగానే తిన్నది. గోంగూరకి కళ్ళు తుడుచుకుని మళ్ళీ వేయించుకుంది. తర్వాత చెంచా పక్కన పెట్టి, "చాలా బాగుంది. నాకింక చాలు, కడుపు నిండిపోయింది," అంది.

ఆంటీ అది విని, మనవాళ్ళందరం వినేలాగే మొహమాటమనుకుని, గరిటెడు అన్నం వేసింది.

"వద్దండీ, నిజంగా చాలు."

ఇంకో గరిటె. దాని మీద పప్పుచారు.

పక్కన మా సూపర్‌వైజరు "అయ్యో, నాకొద్దమ్మా, నావల్ల కాదు," అంటూ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టారు. వేళ్ళ మధ్య గరిటె పట్టేంత సందు ఉంచారు. ఆ సందులోంచి ఆంటీ ఆయనకి నాలుగుసార్లు వడ్డించింది. ఆయన ప్రతిసారీ ఖాళీ చేశారు.

ఆవిడ తన ప్లేటు వైపు చూసి, ఆంటీ వైపు చూసి, మెల్లగా అడిగింది. "నేను వద్దన్నాను కదా?"

గరిటె గాల్లో ఆగింది. ఆంటీ నా వైపు తిరిగింది.

"మొహమాటపడద్దని చెప్పరా."

చెప్పడానికి ప్రయత్నించాను. మన దగ్గర అతిథి మొదటిసారి వద్దంటే అది లెక్కలోకి రాదనీ, ఆకలి ఉన్నా వద్దంటారనీ, అందుకే పెట్టేవాళ్ళు మళ్ళీ అడగాలనీ వివరించాను. సూపర్‌వైజరు మధ్యలో తలూపుతూ, "మా దగ్గరా అంతే, నిజం," అన్నారు.

ఆవిడ శ్రద్ధగా వింది. "మేం నలుగురు పిల్లలం," అంది. "మా అమ్మ ఇంట్లో ఒకటే గట్టిగా పట్టుకునేది. ఎవరైనా వద్దంటే ఆ మాటకి విలువివ్వాలి. మళ్ళీ అడిగితే, నువ్వు అబద్ధమాడుతున్నావని మొహాన అన్నట్టే. అందుకే నేనెవర్నీ రెండోసారి అడగను. చిన్నపిల్లనైనా సరే."

"మరి కావలసినవాళ్ళు కూడా మొహమాటానికి వద్దంటే?" ఆంటీ అడిగింది, నన్ను అడ్డం పెట్టుకుని.

"కావలసినవాళ్ళు వద్దని ఎందుకంటారు?"

ఇంత చిన్న ప్రశ్నకి ముగ్గురం మా మా ప్లేట్లలోకి చూసుకున్నాం.

నాకప్పుడు టెక్సస్ పక్కింటావిడ ఖాళీ గిన్నె గుర్తొచ్చింది. పాపం ఆవిడ దాన్ని తళతళా కడిగి, ఆలస్యం చేయకుండా, మర్నాడు పొద్దున్నే తెచ్చిచ్చింది. అవతలి ఇంట్లో అదే ఎంతో పద్ధతేమో. మేం ముగ్గురం ఇన్నాళ్ళూ అమెరికా గురించి చెప్పుకున్నవన్నీ తీసి చూస్తే, ఆంటీ గిన్నెలో పంచదార వెతికింది, ఆయన ఇటుకల మధ్య అణకువ వెతికారు, నేను రెండోసారి అడిగే మాట వెతికాను. వెతికినవి దొరకలేదు కాబట్టి అక్కడేమీ లేదని ముగ్గురం తేల్చేశాం. ఇదంతా నాకు పప్పుచారు మధ్యలో తట్టింది. గొప్ప జ్ఞానోదయమే గానీ, అప్పటికి ప్రకటన వచ్చి రెండు రోజులైంది.

ఆంటీ ఇక ఆగలేకపోయింది. "మా వాడు కూడా అంతేనండీ. ఆ ఉద్యోగం..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"అవును, తనకి ఆసక్తి లేదన్నాడు," అంది ఆవిడ ప్రేమగా. "అంత సూటిగా చెప్పేవాళ్ళు అరుదు. నాకు నచ్చాడు."

ఆంటీ మొహం మీది నవ్వు చెదరనీయకుండా, ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతో తెలుగులోకి దిగింది. "ఏరా, మీ వైపోళ్ళు ఏదున్నా మొహం మీదే చెప్పేస్తారంటారు గదా. నీకేం రోగం? ఇప్పుడు చెప్పు."

"నోట్లె ముద్దున్నది ఆంటీ."

"మింగు!"

మింగేలోపు మా సూపర్‌వైజరు జాలిపడి వాన గురించి ఎత్తుకున్నారు. ఎవరైనా ఇబ్బందిలో పడితే వెంటనే వాన గురించి మాట్లాడటం ఇక్కడి ప్రథమ చికిత్స. దాంతో నేను బతికిపోయాను. అవకాశం చచ్చిపోయింది. ఆంటీ ఇచ్చిన కోడికూర డబ్బా పట్టుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

గిన్నెలు కడిగేటప్పుడు మొదలైంది అసలు శిక్షణ. ఆంటీ కడుగుతోంది, నేను తుడుస్తున్నాను, సూపర్‌వైజరు ఏ గిన్నె ఏ ప్రెస్‌లో పెట్టాలని అడుగుతున్నారు. ఇక్కడ వంటింటి అల్మారాని ప్రెస్ అంటారు, ఆంటీకి కూడా ఇప్పుడదే అలవాటు.

"రేపు పోయి అడుగుత," అన్నాను. "సీదా అడుగుత."

"ఏవని?"

"నాకీ ఉద్యోగం కావాలె, నేనీ పని మంచిగ చేస్త, అని."

ఇంగ్లీషులో చెప్పి చూపించమన్నారు. సూపర్‌వైజరు మేనేజరు వేషం వేస్తానని కుర్చీలో కూర్చుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. ఆ నవ్వు చూసి ఆంటీ ఆయన బీపీ గురించి అడిగింది. నేను చెప్పాను. 'నేనీ పని బాగా చేస్తాను' దగ్గరికొచ్చేసరికి ఆయన రెండు చేతుల్తో మొహం కప్పేసుకున్నారు.

"'ఫర్వాలేదనిపించేలా చేస్తాను' అంటే సరిపోదా?"

"సరిపోదు."

"'నాకంటే ఘోరంగా చేసేవాళ్ళూ ఉన్నారు'?"

"దేవుడి దయవల్ల బాగా చేస్తానని అను," అంది ఆంటీ. "గర్వంగా ఉండదు."

"ఉద్యోగం దేవునికిస్తది గప్పుడు."

ఇరవైసార్లు చెప్పాను. మొదటిసారి దొంగసాక్ష్యం చెప్తున్నట్టుంది. పదోసారికి వేరేవాళ్ళ గురించి చెప్తున్నట్టుంది. ఇరవయ్యోసారికి ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. అందులో అబద్ధమేమీ లేదు. ఉద్యోగం నాకు నిజంగా కావాలి. పని నాకు నిజంగా వచ్చు. ఇన్నాళ్ళూ మర్యాద కోసం నేను చెప్తూ వచ్చిందే అబద్ధం. ఈ మాట పైకి అంటే సూపర్‌వైజరు ఇంకాసేపు మొహం కప్పుకుంటారని అనలేదు.

సోమవారం మొదటి బస్సుకి వెళ్ళాను. వాన. ఆవిడ కాఫీ మిషన్ దగ్గర నిలబడి దాన్ని మెచ్చుకుంటోంది. సూపర్‌వైజరు ఆ పక్కనే, ఎప్పుడూ చదవని నోటీసుబోర్డుని చాలా ఏకాగ్రతతో చదువుతున్నారు.

"మీతో ఒక్క నిమిషం మాట్లాడాలి," అన్నాను. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, మేం తయారుచేసే గొట్టాలు నాకే పనికొచ్చేలా ఉన్నాయి. "బుధవారం నేను చెప్పింది తప్పు. నాకా ఉద్యోగం కావాలి. నేనా పని బాగా చేస్తాను."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "సరే. ఏం చేశావో చెప్పు."

గ్లూ గురించి చెప్పాను. ఫ్రిజ్, సీసా, బుడగలు.

"కానీ రిపోర్టులో జట్టు అని ఉంది?"

"ఆ జట్టు నేనే."

ఆవిడ నోటీసుబోర్డు వైపు తిరిగింది. "నిజమేనా?"

మా సూపర్‌వైజరు చెవులతో సహా ఎర్రబడ్డారు. నా బ్యాడ్జీ పట్టీకి సరిపోయే ఎరుపు. జీవితంలో ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని పొగడాల్సిన పరిస్థితి ఆయనకి అంతకుముందు రాలేదనుకుంటాను.

"అతనే చేశాడు," అన్నారు. ఊపిరి పీల్చుకున్నారు. "నేను చూసినవాళ్ళలో... చాలా మంచి పనివాడు."

ఆ వాక్యం పూర్తయ్యాక కుర్చీ వెతుక్కున్నారు.

"మరి నేనడిగితే వద్దన్నావెందుకు?" ఆవిడ నిజంగానే అర్థంకాక అడుగుతోంది.

"రెండోసారి అడుగుతారనుకున్నాను."

ఆవిడ మొహం ఒక్కసారిగా వెలిగింది. "అన్నం!" అంది. "ఆదివారం అన్నం!"

"అవునండీ. అన్నమే."

నవ్వింది, కానీ సినిమాలోలా అక్కడికక్కడే ఉద్యోగం చేతిలో పెట్టలేదు. ప్రకటన బయటికెళ్ళిపోయింది కాబట్టి అందరితోపాటు దరఖాస్తు పెట్టమంది, ఇంటర్వ్యూలో తనుంటానంది, ఎవరికీ లేని దారి నాకొక్కడికీ తెరవడం పద్ధతి కాదంది. పైగా, "ఇప్పుడు చెప్పినట్టే అక్కడా చెప్పు. నేను మాత్రం నిన్ను లాగి అడగను," అని కూడా అంది. నాకావిడ మీద ఆ క్షణంలో వచ్చిన గౌరవం, తలుపు దగ్గర 'అద్భుతం' అన్నప్పుడు రాలేదు.

వెళ్ళేముందు సంచిలోంచి ఆంటీ డబ్బా తీసిచ్చింది. తళతళా మెరుస్తోంది. ఖాళీ. సాయంత్రం వీధి చివరి షాపులో ఒక బిస్కెట్ ప్యాకెట్టు కొని అందులో పెట్టి ఇంటికి తీసుకెళ్ళాను.

ఆంటీ మూత తీసి చూసి, "ఇవి మన వీధి చివర్న అమ్మే బిస్కెట్లు గదా," అంది.

"అమెరికా వాళ్ళు గూడ ఆడనే కొంటరు ఆంటీ."

ఆంటీ మూత పెట్టేసింది. "పోన్లే," అంది. "ఖాళీగా పంపినా ఇకనించి ఏవీ అనుకోను. కానీ నువ్వు మంచి పని చేసేవు."

దరఖాస్తు పెట్టాను. మూడు వారాల తర్వాత స్క్రీను మీద ఇంటర్వ్యూ. ఆవిడ, ఇంకో ఇద్దరు. 'నేను' అన్న ప్రతిసారీ చెవులు కాలాయి, అయినా అన్నాను. ఒకచోట అలవాటుగా 'మేము' అని నోరు జారితే వెనక్కెళ్ళి దిద్దుకున్నాను. తర్వాతి వారం ఈమెయిల్ వచ్చింది. ఉద్యోగం నీకే ఇస్తున్నాం, ఒప్పుకుంటావా అని ఒక్కసారే అడిగారు. 'నేను తగినవాణ్ణని మీరు భావిస్తే' అని టైపు చేశాను. చూశాను. అది మొత్తం చెరిపేసి, 'అవును, ఒప్పుకుంటున్నాను' అని పంపించేశాను.

ఆ మధ్యాహ్నం సూపర్‌వైజరు కెటిల్ పట్టుకుని వచ్చారు.

"టీ తాగుతావా?"

"తాగుతాను."

ఆయన చెయ్యి ఆగిపోయింది. మొహంలో నిజమైన బాధ కనిపించింది. "అంత తొందరేంటయ్యా," అన్నారు.

కప్పు వెనక్కి జరిపి, వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను అన్నాను. ఇద్దరం మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాం.

పర్మిట్ వచ్చింది. కొత్త పోస్టులో చేరిన రోజు పొద్దున్నే ఎర్ర పట్టీ లేని బ్యాడ్జీ కోసం సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళాను. బ్యాడ్జీలు వేసే ప్రింటర్‌లో రిబ్బన్ అయిపోయిందట, గురువారానికి గానీ రాదట. అప్పటిదాకా పాతదే వేసుకోమన్నారు.